వేదిక కంటే ముందు గోడ: కార్టూనిస్టుల కూడికను నిలబెట్టడం గురించి

రాజమహేంద్రవరంలో కార్టూన్లు గీసేవారూ, పాత చందమామలూ బొమ్మల కథల పుస్తకాలూ సేకరించేవారూ కలిపి పద్దెనిమిది మంది ఉన్నారనీ, వచ్చే మే 20 నాటికి ఒక సంఘంగా ఏర్పడి ప్రదర్శన, పోటీ, సన్మానం మూడూ కలిసిన వార్షిక వేడుకను మొదలుపెట్టాలని ఉందనీ మీరు ఉత్తరంలో రాశారు. సంఘాన్ని ముందే రిజిస్టరు చేయాలా, పోటీ నిబంధనలు ఎలా ఉండాలి, కన్నుమూసిన చిత్రకారుల కార్టూన్లు ప్రదర్శించడానికి ఎవరిని అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. ఇరవై ఏళ్లకు పైగా ఇటువంటి ప్రదర్శనలకు పటాలు కట్టడం నుంచి పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చోవడం దాకా అన్ని పనులూ చేసినవాడిని కనుక, నా అనుభవంలో తేలినదాన్ని కొంచెం వివరంగానే చెబుతాను.

మొదటి ఏడాది సన్మానం పెట్టుకోవద్దన్నది నా గట్టి సలహా. పెద్దలను గౌరవించడం తప్పు అని నేను అనడం లేదు. అయితే సన్మానం ఉన్న సభలో సాయంత్రమంతా వేదిక చుట్టూనే తిరుగుతుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, ఒకరి తరువాత ఒకరి ప్రసంగం, శాలువాలు, ఫొటోలు పూర్తయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, వరండాలో ట్యూబులైటు కింద వేలాడదీసిన నలభై కార్టూన్లను ఎవరూ చూడకుండానే జనం బస్సులకు వెళ్లిపోతారు. కార్టూన్ అన్నది రెండడుగుల దూరంలో నిలబడి, బొమ్మ చూసి, వ్యాఖ్య చదివి, మళ్లీ బొమ్మ వైపు చూసి నవ్వుకోవలసిన వస్తువు. అందుకు కుర్చీల వరసలు పనికిరావు, నడిచే దారి కావాలి. కాబట్టి హాలును వెతుకుతున్నప్పుడు వేదిక ఎంత పెద్దదని చూడకండి, గోడలు ఎంత పొడవున్నాయో, వెలుతురు ఎటునుంచి పడుతుందో చూడండి.

తేదీ విషయంలో మీ ఎంపిక సరైనది. తెలుగులో తొలి కార్టూనిస్టుగా మనం చెప్పుకునే తలిశెట్టి రామారావు పుట్టినరోజు కాబట్టే మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినంగా జరుపుకుంటున్నాం. ప్రపంచ కార్టూనిస్టుల దినంగా పాటించే మే 5కి, 1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఎల్లో కిడ్ అనే కార్టూన్ పాత్ర బొమ్మ రంగుల్లో రావడం కారణం. అది కూడా గౌరవించదగినదే, కానీ మన భాషకు మన తేదీ ఉండటం మంచిది. మే నెల ఎండలు గోదావరి గట్టున ఎంత తీవ్రంగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు కనుక, ప్రదర్శనను పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంచితే చాలు. వేసవి సెలవులు కావడం వల్ల పిల్లలు రాగలుగుతారు, అది ఈ తేదీకి ఉన్న పెద్ద సౌకర్యం.

అయితే మీ మొట్టమొదటి కార్యక్రమం హాలులో కాకుండా గ్రంథాలయంలో జరగాలని నా కోరిక. తలిశెట్టి పేరు ప్రతి మే నెలలోనూ తలుచుకుంటాం గాని, 1930ల నాటి ఆంధ్రపత్రిక వారపత్రికలోనూ భారతిలోనూ వచ్చిన ఆయన బొమ్మలను అచ్చు పేజీలో చూసినవారు మనలో ఎంతమంది? మీ ఊళ్లోనే గౌతమీ గ్రంథాలయం ఉంది. పాత పత్రికలకు పేరుపొందిన, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం మీకు ఒక్కరోజు ప్రయాణం. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రమూ, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమూ ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించిన పాత సంచికలను ఇంటర్నెట్‌లో దొరికినంతవరకు ఇంట్లో కూర్చుని కూడా చూడవచ్చు. నలుగురు నలుగురుగా విడిపోయి ఒక్కో సంవత్సరం సంచికలు పంచుకోండి. కనిపించిన ప్రతి కార్టూన్‌కూ పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ, గీసినవారి సంతకం, వ్యాఖ్య యథాతథంగా, ఈ అయిదూ ఒక పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలు ఇలా గడిపితే మీ పద్దెనిమిది మందీ ఒకరినొకరు నిజంగా ఎరుగుతారు, ప్రదర్శనకు సరుకూ దొరుకుతుంది. సభ్యత్వ రుసుము వల్ల రాని బంధుత్వం కలిసి పాత పేజీలు తిప్పడం వల్ల వస్తుందని నేను కళ్లారా చూశాను.

ఆ పాత పేజీలు చూస్తున్నప్పుడు గీతను మాత్రమే కాక అచ్చును కూడా చూడమని కోరుతున్నాను. ఆఫ్‌సెట్ ముద్రణ రాకముందు బొమ్మను జింకు బ్లాకుగా చేయించి అచ్చువేసేవారు. లైను బ్లాకులో నలుపో తెలుపో తప్ప నడిమి రంగు ఉండదు. బూడిదరంగు కావాలంటే చుక్కల తెర వేసిన హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి, అది నాసిరకం కాగితం మీద మసిబారిపోయేది. అందువల్లనే ఆనాటివారు నీడలను సన్నని అడ్డగీతలతో చూపించారు, నల్లని జుట్టునూ కోటునూ బ్రష్షుతో నిండుగా నింపారు, అనవసరమైన గీతను వదిలేశారు. బొమ్మను అంగుళాల కాలమ్‌లోకి కుదించినప్పుడు తెలుగు అక్షరాల వత్తులు ఇంకుతో పూడిపోతాయి కనుక, వ్యాఖ్యను తక్కువ మాటల్లో, విడివిడి అక్షరాల్లో రాయడం నేర్చుకున్నారు. బాపు గారి బొమ్మ పక్కన ఆయన చేతిరాత ఎందుకంత అందంగా ఒదుగుతుందో, ఆ రాత తరువాత కంప్యూటరు అక్షరంగా కూడా ఎందుకు మారిందో ఈ కోణం నుంచి చూస్తే కొత్తగా అర్థమవుతుంది. ఫోను తెర మీద కార్టూన్ పెడుతున్న నేటి యువకులకు కూడా ఇదే సమస్య ఎదురవుతోంది, వత్తులు అక్కడా కనిపించవు. కాబట్టి మీ నెలవారీ కూడికల్లో ఒకదాన్ని పూర్తిగా లెటరింగ్‌కే, అంటే బొమ్మలో అక్షరాలు రాసే పనికే, కేటాయించండి.

ఇక ప్రదర్శన పని. గోడల మీద మొత్తం నలభై పటాలకు మించి పెట్టవద్దు. ఎక్కువైతే ముప్పయ్యో పటం దగ్గరే కళ్లు అలసిపోతాయి. ఒరిజినల్ ఎంత చిన్నదైనా కనీసం ఏ3 పరిమాణపు మౌంటులో పెట్టండి, పటం మధ్యభాగం నేలనుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా ఒకే వరసలో వేలాడదీయండి, పిల్లల కోసం ఒక గోడను మాత్రం కిందికి దించండి. కాగితాన్ని సెల్లోటేపుతో ఎప్పుడూ అంటించవద్దు, కొన్నేళ్లకే పసుపుపచ్చ మరక పడి కాగితం పెళుసెక్కుతుంది. నాలుగు మూలలా కాగితపు జేబులు చేసి అందులోకి దూర్చడమే మంచి పద్ధతి. ప్రతి పటం కింద చీటీలో చిత్రకారుడి పేరు, అచ్చయిన పత్రిక, సంవత్సరం, వాడిన సామగ్రి, అంటే ఇండియన్ ఇంకు అనే నల్ల సిరా, బ్రష్షు, సన్నని క్రోక్విల్ నిబ్బు, కంప్యూటరు వీటిలో ఏది అన్నది ఉండాలి. ముద్రించిన ప్రతిని పెడుతుంటే అది ప్రతి అని స్పష్టంగా రాయాలి.

ఒరిజినల్స్ విషయంలో జాగ్రత్త గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. ఒకసారి నా మాట మీద నమ్మకంతో ఒక వయోవృద్ధుడు పన్నెండు ఒరిజినల్స్ ఇచ్చారు, మేము వాటిని ఒక సంస్థ వారి హాలులో వేలాడదీశాం. రాత్రి కురిసిన వానకు గోడ చెమ్మగిల్లింది. ఇండియన్ ఇంకు గీతలు చెక్కుచెదరలేదు గాని, మూడు బొమ్మల్లో నీటిరంగు వాష్ పాకిపోయింది. తీసుకున్నప్పుడు రసీదు రాయలేదు, స్థితిని ఫొటో తీయలేదు, బాధ్యత ఎవరిదో తేల్చే కాగితం ఒక్కటీ లేదు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఈనాటికీ నన్ను బాధిస్తూనే ఉంది. ఆ తరువాత నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఒరిజినల్ చేతికి తీసుకున్న క్షణానే రెండువైపులా ఫొటో తీసి, రెండు ప్రతుల రసీదు రాసి, 600 డీపీఐలో స్కాన్ చేసి, ఆ స్కాన్‌ను చిత్రకారుడికి కూడా ఇచ్చిన తరువాతనే పటం కట్టాలి. ప్రదర్శన ముగిసిన వారంలోగా బటర్ పేపరు చుట్టి, గట్టి అట్టల మధ్య పెట్టి, వీలైతే స్వయంగా వెళ్లి అప్పగించాలి. మన పాత కార్టూన్లలో ఎన్నో ఇప్పుడు ఒరిజినల్స్‌గా లేకపోవడానికి కారణం, పత్రికలకు టపాలో పంపిన బొమ్మలు తిరిగి రాకపోవడమే. ఆ నష్టానికి మన బృందాలు ఇంకొంత చేర్చకూడదు.

అనుమతుల సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాతి సంవత్సరం ఆరంభం నుంచి లెక్కించి 60 ఏళ్లు హక్కు వారసులకు ఉంటుంది. బాపు 2014 ఆగస్టు 31న, కార్టూనిస్టు శేఖర్ అదే ఏడాది మే 19న, రాగతి పండరి 2015లో కన్నుమూశారు కనుక, వారి బొమ్మలను పెద్దవిచేసి అచ్చువేయాలన్నా సావనీరులో, అంటే వేడుక ప్రత్యేక సంచికలో, వాడాలన్నా కుటుంబాన్ని అడగవలసిందే. పత్రికలో ఉద్యోగిగా గీసిన కార్టూన్ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది, తక్కిన హక్కులు గీసినవారివి. ఇది పదిహేడో సెక్షన్‌లో ఉన్న నిబంధన, మన కార్టూనిస్టుల్లోనే చాలామందికి తెలియదు. ఉద్యోగి కాకుండా బయటినుంచి పంపినవారు రాతపూర్వకంగా హక్కు బదిలీ చేయనంతవరకు హక్కు వారి దగ్గరే ఉంటుంది, బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది అయిదేళ్లుగానే చెల్లుతుంది. కుటుంబాలను అడగడానికి మొహమాటపడవద్దు. ఏ బొమ్మ, ఎన్ని రోజులు, ఎక్కడ, అచ్చువేస్తారా లేదా అన్నది ఒక పేజీ ఉత్తరంలో రాసి పంపితే సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు, మనకు తెలియని బొమ్మలు కూడా బీరువాలోంచి తీసి చూపిస్తారు.

పోటీ నిబంధనల్లో నేను చూసే అన్యాయమైన వాక్యం ఒకటుంది: “వచ్చిన కార్టూన్లన్నింటిపై సర్వహక్కులూ నిర్వాహకులవే.” దయచేసి ఆ వాక్యం మీ ప్రకటనలో రానివ్వకండి. బహుమతి రానివారి బొమ్మ మీద మీకు ఏ హక్కూ అక్కర్లేదు. బహుమతి వచ్చిన బొమ్మనైనా ఈ ప్రదర్శనకూ ఈ సంచికకూ మాత్రమే వాడుకుంటామని రాస్తే సరిపోతుంది. ఎంట్రీలకు అంకెలు వేసి, సంతకాలు కప్పి, ముగ్గురు న్యాయనిర్ణేతలకు ఇవ్వండి, వారిలో ఒకరు కార్టూనిస్టు కాని మంచి పాఠకుడో పాఠకురాలో అయితే తీర్పు సమంగా వస్తుంది. కాపీ ఆలోచనల బెడద ఎప్పుడూ ఉన్నదే. తుది జాబితాను ఫలితాలకు వారం ముందు అందరికీ చూపించి అభ్యంతరాలు అడిగితే చాలావరకు బయటపడతాయి. కృత్రిమ మేధతో చేసిన బొమ్మలను అనుమతిస్తారో లేదో ముందే తేల్చి రాయండి. చేతితో గీసినవారి కూడిక కాబట్టి అనుమతించకపోవడమే నా మొగ్గు. బహుమతి సొమ్ము పెద్దదై ముగ్గురికే దక్కడం కంటే, గోడ మీదికి ఎక్కిన ప్రతి కార్టూన్‌కూ కొద్దిపాటి పారితోషికం ఇవ్వడం మేలు. మనియార్డరుగా వచ్చిన తొలి పారితోషికాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకున్న కార్టూనిస్టులను నేను ఎరుగుదును.

రాజకీయ కార్టూన్లు పెట్టాలా అని మీలో ఒకరు సందేహించినట్టు రాశారు. తప్పకుండా పెట్టాలి. మోహన్, శేఖర్, శ్రీధర్, సురేంద్ర వంటివారి పని లేకుండా తెలుగు కార్టూన్ చరిత్ర సగం కూడా కాదు. అయితే పాత రాజకీయ కార్టూన్ పక్కన ఆ వారం ఏం జరిగిందో నాలుగు పంక్తుల్లో రాసిపెట్టడం తప్పనిసరి. శంకర్స్ వీక్లీ నడిపిన కేశవ శంకర్ పిళ్లై 1949లో అంబేడ్కర్ మీద గీసిన కార్టూన్ పాఠ్యపుస్తకంలో ఉన్నందుకు 2012లో పార్లమెంటులో ఎంత దుమారం రేగి, దాన్ని తొలగించవలసి వచ్చిందో మీకు తెలుసు. గీసిన కాలం నుంచి విడిపోయిన బొమ్మకు చూసేవారు తమ కాలపు అర్థం ఇస్తారు, అందుకు వారిని తప్పుపట్టలేం. ప్రదర్శన ఎంపికను ముగ్గురు సభ్యుల సంఘానికి అప్పగించి, ఎందుకు ఎంచుకున్నామో రాసి ఉంచుకుంటే, ఎవరైనా ప్రశ్నించినప్పుడు గౌరవంగా సమాధానం చెప్పగలుగుతారు.

వచ్చినవారి ముఖాలను అతిశయించి సరదాగా గీసిచ్చే క్యారికేచర్ బల్ల ఒకటి పెడితే జనం బారులు తీరుతారు. పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి గ్రాండ్ ప్రీ వచ్చింది. దాని ప్రతిని ఆ బల్ల వెనక అనుమతితో పెట్టగలిగితే, ముఖం గీయడమంటే ముక్కునో పళ్లనో సాగదీయడం మాత్రమే కాదని పిల్లలకు వేరే పాఠం చెప్పనవసరం ఉండదు.

కామిక్స్ అభిమానులను మీ బృందంలో కార్టూనిస్టులతో సమానంగా చేర్చుకున్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది, ఎందుకంటే మన సంఘాలు వీరిని సాధారణంగా ప్రేక్షకులుగానే చూస్తాయి. 1947 జూలైలో మొదలైన చందమామ సంచికలను, వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ బొమ్మలను, బుజ్జాయి గారి డుంబు బొమ్మల కథలను తారీఖులతో సహా భద్రపరచినవారు వీరే. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో బుజ్జాయి పంచతంత్రం బొమ్మల కథగా వచ్చిన పేజీలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఒక గోడంతా వాటికే ఇచ్చినా తక్కువే. తమిళనాడును చూడండి. శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి, వాటి పాఠకులు ఈరోడ్ పుస్తక మహోత్సవంలో కలుసుకుని ప్రచురణకర్తతో ముఖాముఖి మాట్లాడతారు, ఏ కథ రావాలో అడుగుతారు. ఒక భాషలో కామిక్స్ బతికి ఉండటానికి పాఠకుల కూడిక ఎంత దన్నుగా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. హైదరాబాదులో 2013 నుంచి జరుగుతున్న కామిక్స్ అభిమానుల వేడుక కామిక్ కాన్‌కు వెళ్లిన మన పిల్లలు అమెరికా, జపాన్ పాత్రల వేషాలు వేసుకుంటున్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు, తెలుగులో వారికి కొత్త బొమ్మల కథలు మనం ఇవ్వలేదు. జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో మీ బృందం తరఫున ఒక చిన్న బల్ల తీసుకుని, పాత సంచికలు చూపిస్తూ, మీవాళ్లు గీసిన ఎనిమిది పేజీల బొమ్మల కథ అమ్మితే, మే నాటికి మీకు కొత్తగా ఇరవై మంది పాఠకులైనా తెలుస్తారు.

మరొక విషయం చెప్పకుండా ఉండలేను. విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి గారు పోలియో వల్ల నడవలేని స్థితిలో ఉండి కూడా దశాబ్దాలపాటు ప్రతి ముఖ్య పత్రికలోనూ కార్టూన్లు వేశారు. ఆమె పేరిట బహుమతి ఇస్తూ, చక్రాల కుర్చీ ఎక్కలేని మేడమీది హాలులో సభ పెట్టడం ఎంత పొరపాటో ఆలోచించండి. కింది అంతస్తు, వాలుదారి, శుభ్రమైన మరుగుదొడ్డి, ఈ మూడూ లేని చోటును అద్దె తక్కువని ఒప్పుకోవద్దు. ఆడపిల్లలు, గృహిణులు గీసిన కార్టూన్లు ప్రదర్శనకు రావాలంటే పగటి వేళలు ఉండాలి, రాత్రి సభలు తగ్గాలి.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా తెరవడానికీ, ప్రభుత్వ గ్యాలరీలను అడగడానికీ అది అవసరం కనుక రెండో ఏడాది చేసుకోండి. అప్పటికి ఎవరు పని చేస్తారో, ఎవరు పదవి కోరుతున్నారో మీకే తెలుస్తుంది. కేరళ కార్టూన్ అకాడమీ, బెంగళూరులో 2001లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్టూనిస్ట్స్ ఇన్నేళ్లు నిలిచాయి. బెంగళూరు వారికైతే ఎం.జి. రోడ్డు దగ్గర శాశ్వతమైన కార్టూన్ గ్యాలరీయే ఉంది, ఏడాది పొడవునా అక్కడ ప్రదర్శనలు జరుగుతుంటాయి. తెలుగువారికి అటువంటి గోడ ఒక్కటీ లేకపోవడం నాకు తీరని వెలితి. మీరు ఒకసారి అక్కడికి వెళ్లి, పటాలు ఎలా కట్టారో, చీటీలు ఎలా రాశారో దగ్గరగా చూసి రండి.

పిల్లల శిబిరానికి రెండు గంటలు చాలు, పాతికమందికి మించి తీసుకోవద్దు. ముఖం గీయడం కంటే ముందు నాలుగు గళ్ల కథ చెప్పించండి: మొదటి గడిలో ఏముంది, రెండో గడిలో ఏం మారింది, మూడో గడిలో ఏం జరగబోతోందని అనిపించింది, నాలుగో గడిలో నిజంగా ఏం జరిగింది. మాటలు లేకుండా గీయమనండి. సాయంత్రం ఆ కాగితాలను పెద్దవారి పటాల పక్కనే, అదే వరసలో, వారి పేర్లతో చీటీలు రాసి పెట్టండి. తల్లిదండ్రులు వాటి కోసం వచ్చి మిగతా గోడలన్నీ చూసి వెళతారు. జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి పిల్లవాడి బొమ్మనూ స్కాన్ చేసుకుని, ఒరిజినల్ వాళ్ల ఇంటికి తిరిగి చేర్చండి. రసీదు వాళ్లకు కూడా రాయండి.